మిట్ట వీధికి నూట అరవై ఎనిమిది లీటర్లు

ఊళ్ళో ఆమెను చిన్నా పెద్దా అందరూ మీటరమ్మ అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది గాని, దాన్ని హాజరు పట్టీలో తప్ప ఎవరూ వాడరు. పందొమ్మిదేళ్ళుగా నీటి సరఫరా శాఖలో కాంట్రాక్టు మీద మీటర్లు చదువుతోంది. మీటరు చదవడం అంటే కావ్యం చదవడం కాదు. గోడ పక్కన సిమెంటు గూటి మూత ఎత్తాలి. లోపల కాపురముంటున్న కప్పను మర్యాదగా పక్కకు జరపాలి. అద్దం మీది బురద తుడిచి, అంకెలు చూసి, పుస్తకంలో ఎక్కించి, ఇంటివాళ్ళ తిట్లు విని పక్కింటికి వెళ్ళాలి. ఈ పనికి శాఖవారు ఆమెకు ఒక రెక్సిన్ సంచి, ఒక టార్చి, మూత ఎత్తడానికి ఒక ఇనప కొక్కెం ఇచ్చారు. కుక్కల విషయంలో ఏం చెయ్యాలన్నది మాత్రం శాఖ ఇంకా ఆలోచిస్తోంది.

ఆమెకు ముందు ఈ ఉద్యోగం చేసినాయన ఊహాశక్తి గల మనిషి. టీకొట్టు బల్ల మీద కూర్చుని, కళ్ళు అరమోడ్చి, ఊరందరి మీటర్లూ అక్కడినుంచే చదివేవాడు. మూడు నెలల కిందట కూలిపోయిన ఇంటికి నెలకు పదకొండు వేల లీటర్లు రాసిన నాడు ఆ ప్రతిభ బయటపడింది. ఆయన్ని సాగనంపి, పదో తరగతి పాసై, నడవడానికి బద్ధకించని మనిషి కోసం వెతికితే సైకిలు షాపాయన భార్య కనబడింది. చేరిన రోజున ఆమె ఒక్కటే మాట అంది: "చూసిందే రాస్తాను. చూడనిది చచ్చినా రాయను." ఆఫీసులో అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళంతా ప్రమోషన్లు తీసుకుని, రిటైరై, పింఛన్లు అందుకుంటున్నారు. ఆమె ఇంకా కాంట్రాక్టులోనే ఉంది.

భర్తకు మూడు వీధుల కూడలిలో సైకిలు రిపేరు షాపు. పంక్చర్లు వేస్తాడు, గాలి కొడతాడు. మాట్లాడడం ఆయనకు శ్రమతో కూడిన పని. ఆయన వంతు మాటలు కూడా కలుపుకొని మాట్లాడే బాధ్యతను ఆయన అక్కగారు చిన్ననాడే తీసుకుంది. ఆమె మీటరమ్మకు వదిన. తమ్ముడికి వదిన చూసిన సంబంధం వేరు, తమ్ముడు చేసుకున్న పిల్ల వేరు. ఇరవై నాలుగేళ్ళయినా ఆ కేసు ఇంకా విచారణలోనే ఉంది.

ఈ వదిన ఉండేది మిట్ట వీధిలో. ఊరి పైపులైను ట్యాంకు కింద హుషారుగా మొదలై, అయిదు కిలోమీటర్లు అన్ని వీధులూ చుట్టి, అలిసి సొలిసి, చివరికి ఎత్తు మీదున్న మిట్ట వీధికి ఎక్కుతుంది. అక్కడ నలభై రెండు ఇళ్ళు. రోజు విడిచి రోజు పొద్దున పదింటికి ట్యాంకు దగ్గర వాల్వు తిప్పుతారు, పదకొండుంబావుకి కట్టేస్తారు. మిట్ట వీధిని బతికిస్తున్నది ఆ కొళాయిలు కాదు. మంగళవారం, శుక్రవారం ఆయాసపడుతూ మిట్ట ఎక్కే ట్యాంకరు.

నెల నెలా రీడింగుకు వెళ్ళినప్పుడు వదినా మరదళ్ళ సంభాషణ ఒకే బాణీలో సాగేది.

"రా తల్లీ రా. నీళ్ళు రాకపోయినా నువ్వు మాత్రం తప్పకుండా వస్తావు."

"మీటరు తిరిగింది వదినా."

"తిరుగుతుంది. పనీ పాటా లేనివాళ్ళు చాలామంది తిరుగుతారు. వాళ్ళందరి కింద బిందెలు పెట్టనా?"

"నెలకి ఇరవై వేల లీటర్లు వదినా. మీటరుకి నీమీద పగేమైనా ఉందా?"

"మీటరుకి లేదు. చదివేదానికి ఉందేమో నాకేం తెలుసు."

మీటరు అబద్ధం చెప్పదని మీటరమ్మ నమ్మకం. వదిన మాత్రం ఏ విషయంలోనైనా కాస్త ఎక్కువే చెబుతుందని అనుభవం. నమ్మకం, అనుభవం ఒకే వైపు లాగుతుంటే ఏ మనిషైనా ఎక్కడికి పోతాడు? ఆమె అంకె రాసుకుని మిట్ట దిగేది.

ఈ ఏడు జిల్లా అంతటా నీటి సరఫరా, పంపిణీ పనితీరు మదింపు అనే మహత్కార్యం మొదలైంది. రెండేళ్ళ కిందట మొదటిసారి చేశారు, ఇది రెండోది. పద్నాలుగు పేజీల ఫారం. తలకు రోజుకు ఎన్ని లీటర్లు, ఎన్ని గంటలు, ఎంత వేగం, ఎన్ని లీకులు, ప్రజల సంతృప్తి ఎంత అన్నీ అంకెల్లోనే రాయాలి. ఊరి ఇంజనీరు గారు వారం రోజులు ఆ ఫారంతోనే తిని, దాంతోనే పడుకుని, సోమవారం మధ్యాహ్నం మీటరమ్మను పిలిచారు. గదిలో ఒక బీరువా, ఒక ఫ్యాను, బయటినుంచి తెప్పించుకున్న మంచినీళ్ళ క్యాను ఉన్నాయి. శాఖ కొళాయి ఆ గదిలోనూ ఉంది. దానికి ఇంజనీరు గారి గొడుగు వేలాడుతోంది.

"మీటరమ్మా! మన మిట్ట వీధి జిల్లాకే ఫస్టు!"

"ఎందులో సార్?"

"నీళ్ళల్లోనమ్మా, ఇంకెందులో! తలకి రోజుకి నూట అరవై ఎనిమిది లీటర్లు. ట్యాంకు కింద మొదటి వీధికే తొంభై రెండు. ఇంత అంకె జిల్లా మొత్తం మీద లేదు. నువ్వు రాసిన రీడింగులే, మనుషుల లెక్కతో భాగించానంతే."

ఈ రెండేళ్ళూ ఎవరూ భాగించలేదు. భాగహారం మీద పనిగట్టుకుని ఎవరికి ప్రేమ ఉంటుంది గనక!

"మరి అంత ఫస్టు వచ్చిన వీధికి ట్యాంకరు ఎందుకు పోతోంది సార్?"

"అదే నేనూ అంటున్నా. వచ్చే నెల నుంచి ఆపేస్తున్నాం. నూట అరవై ఎనిమిది తాగేవాళ్ళకి ట్యాంకరు కూడా పంపితే పైవాళ్ళు నా మొహాన ఏం పెట్టి కొడతారో తెలుసా? ఇదిగో, ఈ పేజీ కింద నీ సంతకం కావాలి. రీడింగు చదివినవాళ్ళే పెట్టాలట."

మీటరమ్మ కళ్ళజోడు పెట్టుకుని సంతకం పైనున్న వాక్యం చదివింది. 'పై అంకెలు నేను స్వయంగా చూసి రాసినవనియు, అంత నీరు వినియోగదారులకు అందినదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.'

"మొదటి సగం నిజమే సార్. అంకెలు చూశాను."

"రెండో సగానికేమొచ్చింది?"

"నీళ్ళు చూళ్ళేదు."

ఇంజనీరు గారు నవ్వారు. "పందొమ్మిదేళ్ళ నుంచి తిరుగుతున్నావు, నీళ్ళు చూడకపోవడమేంటమ్మా?"

నిజమే. పందొమ్మిదేళ్ళలో మిట్ట వీధి కొళాయిలో ఆమె నీళ్ళు చూడలేదు. అందులో ఆమె తప్పూ లేదు, బద్ధకమూ లేదు. రీడింగులు నీళ్ళు రాని రోజునే తియ్యాలని శాఖ నియమం. నీళ్ళ రోజున ముల్లు తిరుగుతూ ఉంటుంది, అంకె నిలకడగా ఉండదు, పుస్తకం పాడవుతుంది. అందుకని మీటర్లు నిద్రపోయే రోజు చూసుకుని చదవాలి. ఈ నియమం ఎవరు పెట్టారో గాని చాలా సౌకర్యంగా ఉండేది.

"ఎల్లుండి నీళ్ళ రోజు కదా సార్. వెళ్ళి చూసొచ్చి పెడతాను."

"మీటరు చూస్తే నీళ్ళు చూసినట్టేనమ్మా!"

"అలాగైతే భోజనాల చీటీ చూస్తే భోజనం చేసినట్టే సార్," అని ఆమె కొక్కెం తీసుకుని బయటికొచ్చింది.

బుధవారం పదీ ఇరవైకి ఆమె మిట్ట ఎక్కింది. వదిన గుమ్మంలో బోర్లించిన బిందె మీద కూర్చుని ఉంది. కొళాయి పూర్తిగా తిప్పి ఉంది. కింద ఇంకో బిందె నోరు తెరుచుకుని ఎదురుచూస్తోంది.

"ఇవాళ నీళ్ళ రోజే మరదలా. దారి తప్పావా?"

మీటరమ్మ కొక్కెం తీసింది. గూటి మూత ఎత్తింది. మీటరు పిచ్చెత్తినట్టు తిరుగుతోంది. చిన్న ముల్లు కంటికి కూడా ఆనడం లేదు. బిందెలోకి చూసింది. చుక్క లేదు. కొళాయి కింద అరచెయ్యి పెట్టింది. చల్లటి గాలి బుస్సుమని తగిలింది.

"ఎండాకాలం భలే హాయిగా ఉంటుందిలే," అంది వదిన. "మా ఆయన స్టూలు వేసుకుని ఇక్కడే కూర్చుంటాడు. కరెంటు పోయినా ఫరవాలేదు."

"ఎంతసేపు ఇలా?"

"ముప్పావు గంట, ఒక్కోసారి ఇంకాస్త. ఆ తర్వాత దగ్గుతుంది. దగ్గాక సన్నగా ఓ పావుగంట, ఇరవై నిమిషాలు కారుతుంది. ఏడు బిందెలు పట్టుకుంటే గొప్ప. అప్పుడు కట్టేస్తారు. ఇదే కదా నీకు నెలనెలా చెప్పేది! నువ్వేమో నీ కప్పతో మాట్లాడి వెళ్ళిపోతావు."

మీటరమ్మ అక్కడే గోడ పక్కన కూర్చుండిపోయింది. ఆ రోజు మీటరు పదమూడు వందల లీటర్లు తిరిగింది. వదిన పట్టుకున్నది ఏడున్నర బిందెలు.

మధ్యాహ్నం షాపులో భర్తకు అన్నం క్యారేజీ ఇస్తూ జరిగిందంతా చెప్పింది. ఆయన ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడొస్తాయో చూస్తున్నాడు. చూస్తూనే నోరు విప్పాడు.

"నీళ్ళు కట్టేస్తే పైపంతా ఖాళీ. ఖాళీలో గాలి చేరుతుంది. మళ్ళీ నీళ్ళు వదిలితే గాలిని ముందు తోసుకొస్తుంది. దానికి బయటికి పోవడానికో దారి ఉండాలి. లేకపోతే దొరికిన చోటునుంచి పోతుంది." ఇంకో బుడగ కనిపెట్టి వేలు ఆనించాడు. "ఇదివరకు మిట్ట మీద ఓ ఇనప టోపీ ఉండేది చూడు, నీళ్ళ రోజున బుస్సుమనేది. ఇప్పుడు చప్పుడు లేదు. ఏమైంది?"

అది ఆయన ఆ నెలలో మాట్లాడిన అతి పెద్ద ప్రసంగం. విన్న మీటరమ్మ క్యారేజీ అక్కడే పెట్టేసి లేచింది.

ఇంటికెళ్ళి మంచం కింద ట్రంకు పెట్టె లాగింది. పాత పుస్తకాల కార్బన్ కాపీలన్నీ ఆమె దాచుకుంది. రెండేళ్ళ కిందటి మదింపు కాలం నాటిది తీసింది. ఆ ఏడు మీటరు చదివేవాళ్ళంతా లీకులు కూడా కనిపెట్టి రాయాలని ఆర్డరొచ్చింది. ఒక్కో లీకుకు ఊరికి రెండు మార్కులు తగ్గుతాయి. పుస్తకంలో గుండ్రటి చేతిరాత, ఆమెదే: 'మిట్ట వీధి మొదట్లో పైపు మీది టోపీ లాంటి దాన్నుంచి నీళ్ళు చిమ్మిన తడి ఉంది. లీకు.' అది కూడా నీళ్ళు రాని రోజే. ఆమె చూసింది తడిని మాత్రమే.

టోపీ లాంటి ఆ వస్తువు లీకు కాదు. పైపులోని గాలి పోవడానికి పెట్టిన వాల్వు. లోపలి బంతి అరిగి ఉంటే గాలితో పాటు నాలుగు చుక్కలు చిమ్ముతుంది. బంతి మార్చాలి. బంతి మార్చాలంటే సామాను కోసం ఇండెంటు పెట్టాలి, ఇండెంటుకు మూడు సంతకాలు కావాలి, మార్కుల గడువేమో ముంచుకొస్తోంది. అందుకని ఫిట్టరొచ్చి టోపీ తీసేసి, పైపు మూతికి ఇనప బిరడా బిగించి, ఒక లీకు తగ్గించి, ఊరికి రెండు మార్కులు తెచ్చి వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ పోయే దారిలేని గాలి నలభై రెండు మీటర్లలోంచీ పోతోంది. పోతూ పోతూ తన్ను తాను నీళ్ళుగా రాయించుకుంటోంది.

సాయంత్రం షాపు కట్టి భర్త వచ్చేసరికి ఆమె పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో ఉంది.

"నేనే రాశానయ్యా లీకని."

ఆయన చదివాడు. "ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు. గాలి సంగతి చెబితే, బిరడా ఎందుకు పడిందని అడుగుతారు. అప్పుడిది బయటికొస్తుంది. వచ్చే నెలలో నా కాంట్రాక్టు రెన్యూవలు."

"చెప్పకపోతే?"

"ట్యాంకరు ఆగిపోతుంది. మీ అక్క ఏడు బిందెలతో రెండు రోజులు గడపాలి. ఆ వీధంతా అంతే."

ఆయన చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడన్నాడు: "ఉద్యోగం పోతే?"

"నీ షాపులో గాలి కొడతాను."

"వద్దు. నీ కోపానికి ట్యూబులు ఆగవు."

శుక్రవారం నీళ్ళ రోజున ఆమె ఎరువుల బస్తా లోపలుండే ప్లాస్టిక్ సంచి ఒకటి పట్టుకుని మళ్ళీ మిట్ట ఎక్కింది. ముందు దాన్ని బిందెలతో నింపి చూసింది. అరవై లీటర్లు. తుడిచి ఆరబెట్టి కొళాయి మూతికి కట్టింది. భర్త పాత సైకిలు ట్యూబు కోసి ఇచ్చిన రబ్బరు పట్టీతో బిగించింది. సంచి ఉబ్బింది, విప్పింది, పిండింది, మళ్ళీ కట్టింది. ఇరవై సంచులు లెక్క తేలింది. వదిన చూస్తూ, "పెళ్ళినాడే అనుకున్నా, ఈ పిల్లకి ఏదో ఉందని," అంది. కాని సంచి మూతి పట్టుకుని సాయం చేసింది.

సోమవారం ఆమె ఇంజనీరు గారి ముందు నిలబడి చెప్పింది, గాలి సంగతి, సంచుల సంగతి.

"గాలా?" అన్నారాయన. తర్వాత గొంతు తగ్గించి, "చూడమ్మా. మదింపు మేడమ్ గురువారం వస్తోంది. మొదటి వీధిలో తనిఖీ, టీ, సంతకాలు, అంతే. మిట్ట వీధి ఫస్టు వచ్చిందని జిల్లా ఆఫీసుకి ఇప్పటికే చెప్పేశాను. నువ్వు సంతకం పెట్టకపోతే నీ రెన్యూవలు కాగితం మీద నేనూ పెట్టక్కర్లేదు. ఇద్దరం సంతకాలు పొదుపు చేసుకుందాం. ఏమంటావు?"

"మీ ఇష్టం సార్. నా పెన్ను మాత్రం నాది."

గురువారం మొదటి వీధి కళకళలాడింది. కొళాయి గట్టుకు సున్నం కొట్టారు, రెండు కుర్చీలు వేశారు. మదింపు మేడమ్ యాభై దాటిన పొట్టి మనిషి. నవ్వదు, కోప్పడదు. ఫారంలో ఏముంటే అది చేస్తుంది, లేనిదాని జోలికి పోదు. గడియారం పట్టుకుని బకెట్టు నింపించింది. అరనిమిషంలో నిండింది. ఇంజనీరు గారు ఆ బకెట్టును కన్నబిడ్డను చూసినట్టు చూశారు.

మీటరమ్మ ముందుకొచ్చింది. "మేడమ్, మా మిట్ట వీధి జిల్లాకే ఫస్టట కదండీ. ఫస్టు వచ్చినదాన్ని చూడకుండా వెళ్ళిపోతే ఎలా?"

"అక్కడికి రోడ్డు బాగోదు మేడమ్," అన్నారు ఇంజనీరు గారు.

"ట్యాంకరు వెళ్ళే రోడ్డే సార్."

మేడమ్ పేజీలు తిప్పింది. తొమ్మిదో పేజీలో ఆగింది. "'చివరి కొళాయి వద్ద తనిఖీ.' ఇక్కడ 'చేయడమైనది' అని రాసుంది. నేను చేయలేదే?"

"అంటే, చేస్తారు కదా అని ముందుగానే..."

"పదండి," అందామె.

జీపు మిట్ట ఎక్కేసరికి పదీ ఇరవై అయిదు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేసింది. వదిన చీర కుచ్చిళ్ళు దోపుకుని కొళాయి పక్కన కాపలాదారులా నిలబడింది. మీటరమ్మ గూటి మూత తీసి చూపించింది, మీటరు తిరుగుతోంది. కొళాయికి సంచి కట్టింది. సంచి మెల్లగా లేచి, ఒళ్ళు విరుచుకుని, నిమిషంలో నిండు మనిషిలా ఉబ్బింది.

"మేడమ్, మీటరు అరవై లీటర్లు తిరిగింది. ఈ సంచిలో నీళ్ళెన్ని ఉన్నాయో మీరే చూసి రాయండి."

మేడమ్ సంచిని వేలితో నొక్కింది. అది తిరిగి పైకి లేచింది. ఇంకోసారి నొక్కింది. ఇది ఫారంలో లేదు గాని, ఆమె ఆపుకోలేకపోయినట్టుంది.

"సరఫరా అయితే జరుగుతోంది కదా మేడమ్," అన్నారు ఇంజనీరు గారు నీరసంగా. "ఏదో ఒకటి..."

"అయ్యా, మీరు ఇవాళ స్నానానికి నాలుగు సంచులు పట్టుకెళ్ళండి," అంది వదిన. "బట్టలు ఉతకడానికి ఇంకో రెండు కట్టిస్తాం. మీకోసం ఉచితం."

వీధంతా నవ్వింది. ఇంజనీరు గారి మెడ ఎర్రబడింది. ఆయన తన చేతిసంచిలోంచి ఒక పాత ఫైలు తీశారు. ఎందుకైనా మంచిదని తెచ్చుకున్నట్టున్నారు.

"మేడమ్, గాలి పోయే వాల్వు ఇక్కడ ఉండేది. దాన్ని మూయించింది ఎవరో తెలుసా? ఈవిడే! లీకని రాసింది, ఇదిగో ఆమె చేతిరాత. ఇప్పుడొచ్చి మాకు పాఠాలు చెబుతోంది!"

నవ్వు ఆగిపోయింది. అందరికంటే ముందు వదిన తిరిగింది.

"ఏంటే? రెండేళ్ళ నుంచి నా బిందె ఎండబెట్టింది నువ్వా?"

"నేనే వదినా. తడి చూసి లీకనుకున్నాను. తప్పు నాదే."

"ఇది ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"పోయిన బుధవారం నుంచి."

"తెలిసి కూడా ఈయన్నీ ఈమెనీ పిలుచుకొచ్చావా? నీ పేరు బయటపడుతుందని తెలిసే?"

"తెలుసు."

వదిన దోపుకున్న కుచ్చిళ్ళు ఇంకాస్త బిగించింది. తర్వాత ఇంజనీరు గారి వైపు తిరిగింది. "ఏమయ్యా, మా మరదలు లీకని రాస్తే నువ్వు వాల్వు మూసేస్తావా? అది తల నొప్పి అని రాసుంటే తల తీసేసేవాడివా?"

మీటరమ్మ రెక్సిన్ సంచిలోంచి తెల్లకాగితం తీసి, రీడింగు పుస్తకం మీద పెట్టుకుని, నిలబడే రాసింది. 'రెండేళ్ళ కిందట మిట్ట వీధి గాలి వాల్వును లీకు అని నేను తప్పుగా రాశాను. దాన్ని ఆధారం చేసుకుని మూశారు. అప్పటినుంచి ఈ వీధి మీటర్లు గాలిని నీళ్ళుగా చూపిస్తున్నాయి. ఈ తప్పు నాది. నూట అరవై ఎనిమిది అన్న అంకె మాత్రం నాది కాదు.' కింద సంతకం చేసి మేడమ్ చేతికిచ్చింది.

"దీని మీద పెట్టాను. ఆ పేజీ మీద పెట్టను."

"పెట్టకపోతే వేరేవాళ్ళ చేత పెట్టిస్తాను!" అన్నారు ఇంజనీరు గారు.

"కుదరదు," అంది మేడమ్ పెన్ను మూత పెడుతూ. "రీడింగు తీసినవారి సంతకమే ఉండాలని సూచన నాలుగులో ఉంది. సంతకం లేని పేజీ నేను తీసుకోను. ఆ పేజీ లేనిదే ట్యాంకరు రద్దుకు సిఫార్సు చేయలేను. ఈ కాగితం జత చేస్తాను." ఆమె ముఖంలో జాలిగాని, మెచ్చుకోలు గాని లేవు. ఫారం పూర్తి కాలేదన్న బాధ మాత్రం ఉంది. మిట్ట వీధిని ఆ రోజు కాపాడినవాటిలో ఆ బాధ కూడా ఒకటి.

మీటరమ్మ అక్కడితో ఆగలేదు. భర్త షాపునుంచి తెచ్చిన పెద్ద పానా తీసుకుని వీధి మొదటికి నడిచింది. వెనకే వీధంతా నడిచింది. బిరడా దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఆర్డరు లేకుండా శాఖ ఆస్తి ముట్టుకోకూడదు!" అని కేకేశారు ఇంజనీరు గారు.

"మూసేటప్పుడు ఏ ఆర్డరుంది సార్? చూపించండి, ఆపేస్తాను."

ఆయన ఫైలు తిప్పారు. ముందుకి తిప్పారు, వెనక్కి తిప్పారు. రెండు మార్కులు వచ్చిన కాగితం ఉంది గాని, ఆర్డరు లేదు. ఈలోగా వదిన కూడా పానా పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఒక దిక్కుకు బలం పెట్టడం ఇరవై నాలుగేళ్ళలో అదే మొదలు. తుప్పు కిర్రుమంది, బిరడా ఊడింది. రెండేళ్ళుగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలినట్టు పైపు గర్జించింది. ఇంజనీరు గారి ఫారం కాగితాలు రెండు ఎగిరి వెళ్ళి గోడ అవతల పడ్డాయి.

వదిన ఇంటి మీటరు ఆగిపోయింది. అరగంట తర్వాత నీళ్ళు వచ్చి బిరడా ఊడిన చోట చిమ్మడం మొదలెట్టాక దాన్ని మళ్ళీ బిగించారు. కొళాయిలు సన్నగా కారాయి. వదిన ఎనిమిది బిందెలు పట్టుకుంది. ఆగిన అంకె నుంచి మీటరు నూట ఇరవై లీటర్లు తిరిగింది. రెండేళ్ళలో మొదటిసారి మిట్ట వీధిలో మీటరూ బిందెలూ ఒకే మాట చెప్పాయి. వచ్చింది మాత్రం ఎనిమిది బిందెలే.

నెల తిరిగేసరికి ఫలితాలొచ్చాయి. గాలి తీసేసి భాగిస్తే తలకు రోజుకు పద్నాలుగు లీటర్లు. మిట్ట వీధి జిల్లాలో ఆఖరు. ట్యాంకరు మాత్రం ఆగలేదు. కొత్త వాల్వుకు ఇండెంటు పెట్టారు, మొదటి సంతకం పడింది, మిగతా రెండూ దారిలో ఉన్నాయట. అంతదాకా ప్రతి నీళ్ళ రోజూ పానా పట్టుకుని బిరడా విప్పడం, బిగించడం వదిన తన డ్యూటీగా ప్రకటించుకుంది. ఆమెను ఎవరూ నియమించలేదు. అడ్డుపెట్టే ధైర్యమూ ఎవరూ చేయలేదు.

మీటరమ్మ రెన్యూవలు కాగితం బల్ల మీదే ఉండిపోయింది. దాని బదులు మెమో వచ్చింది. 'తమ పరిధిలోని మిట్ట వీధి తలసరి సరఫరా నూట అరవై ఎనిమిది లీటర్ల నుండి పద్నాలుగు లీటర్లకు పడిపోవుటకు గల కారణములను మూడు దినములలో వివరించవలెను. లేనిచో తమ కాంట్రాక్టు కొనసాగింపు విషయమై తగు చర్య తీసుకొనబడును.'

ఆమె దాన్ని వదిన ఇంటి అరుగు మీద కూర్చుని చదివింది. రెండో రోజే జవాబు రాయడానికి పెన్ను తీసింది. వదిన పక్కకు జరిగి, కాగితంలోకి తొంగి చూస్తూ కూర్చుంది.

'పడిపోలేదు. ఇదివరకూ ఇంతే వచ్చేది. ఇప్పుడు కొలిచాం,' అని రాసింది మీటరమ్మ. కాస్త ఆగి కింద చేర్చింది: 'పద్నాలుగు లీటర్లు మనిషికి చాలవు. ట్యాంకరు వారానికి మూడుసార్లు పంపవలెను.'

"నాలుగని రాయి," అంది వదిన. "వాళ్ళెలాగూ ఒకటి కొట్టేస్తారు."

"వీధికి కావాల్సింది మూడే కదా వదినా."

"ఇది మీటరు రీడింగా? ఇది అడగడం. అడగడంలో మా వీధి పద్ధతి నాకు తెలుసు. రాయి."

మీటరమ్మ ఆలోచించింది. తర్వాత మూడును కొట్టేసి, అందరికీ కనబడేంత పెద్దగా నాలుగు అని రాసింది.